ఎనభై సెకన్లు

కింద రేవు, పైన కొండ,
మధ్యలో ఇనపతాడు పట్టుకుని ఎక్కే చెక్కపెట్టె.
వల్పరాయిసోలో ఇలాంటివి ఇంకా కొన్ని మిగిలాయి.
అందులో ఒకదానికి టికెట్లు చింపేదాన్ని నేను,
ఎదువీహిస్‌ని. పందొమ్మిదేళ్లుగా ఇదే పని.

పైకెళ్లడానికి ఎనభై సెకన్లు.
గాలి గట్టిగా ఉంటే తొంభై.
పొగమంచు గురించి మాట్లాడీ మాట్లాడీ విసుగెత్తి
ఓ పొద్దున అడిగాను, ఎవరినో గుర్తులేదు:
"ఈమధ్య ఏం చదువుతున్నారు?"

అంతే. చిల్లరతో పాటు
జనం కథలు కూడా తేవడం మొదలెట్టారు.

రొట్టెల అన్సెల్మో
వేళ్లకీ పిండే, పేజీలకీ పిండే.
"ఓ వంటమనిషి దొరగారి సూపులో
రోజుకో అబద్ధం కలుపుతుంది, చదివి తీరాలి నువ్వు"
అని చేతిలో పెట్టేశాడు.
మధ్యలో గుర్తుగా ఓ రొట్టెముక్క,
ఎండి, బిగుసుకుపోయి, నమ్మకంగా.

బడిపిల్ల రాయెన్‌కి
ప్రపంచంలో ఇంతకంటే మంచి పుస్తకం లేదు.
వారానికి మూడుసార్లు లేదు.

నర్సు దోమితిలా రాత్రి డ్యూటీ దిగి
ఆవలిస్తూ హంతకుడెవరో చెప్పేస్తుంది.
"చెప్పకు!" పెట్టె పెట్టంతా అరుస్తుంది.
అప్పటికే నోరు జారింది. తోటమాలి.
ఆమె చదివేవాటిలో ఎప్పుడూ తోటమాలే.

ఇక బౌదిలియో.
రేవులో బస్తాలు మోసిన భుజాలు, ఇప్పుడు ఖాళీ.
గురువారం మాత్రమే వస్తాడు.
చంకలో ఒకటే పుస్తకం, ఇటుకంత,
అట్ట ఊడితే వలదారంతో కట్టింది.

ఉప్పు గని. ఓ వితంతువు. ఆమె గుమ్మంలో
ఎవరిదో తెలియని గుడ్డి కంచరగాడిద.
అది ఎడారిలో నీళ్ల వాసన పట్టిందట,
సైన్యం దాన్ని అరెస్టు చేసిందట,
ఓ పెళ్లిలో పూలదండ మేసేసిందట.
కథ కంచికి చేరేలోపే
మా పెట్టె కొండకి చేరేది.
"మిగతాది వచ్చే గురువారం."
రెండేళ్లు అలా నడిచింది.

"ఇవ్వొచ్చుగా, నేనే చదువుకుంటాను" అంటే
"కళ్లతో చదివితే తొందరగా అయిపోతుంది" అనేవాడు.

తాడు అరిగిందని మునిసిపాలిటీ
మొన్న చలికాలం పెట్టెని ఆపేసింది.
ఆఖరి ట్రిప్పులో ఏమనుకున్నాడో
ఆ ఇటుకని నా బల్ల మీద పెట్టి
"జాగ్రత్త" అన్నాడు.
నాతోనో, దాంతోనో.

జూన్ వాన. కిరోసిన్ పొయ్యి పక్కన కుర్చీ.
దారం విప్పాను.
ఉప్పు గని ఉంది. వితంతువు ఉంది.
ముప్పై ఆరో పేజీలో, ఒకే ఒక్క వాక్యంలో,
గుమ్మం దగ్గర కంచరగాడిద నిలబడి ఉంది.
ఆ పైన కాగితాల అంచులు
అచ్చాఫీసులో మడిచినట్టే అతుక్కుని ఉన్నాయి,
ఎవరూ విడదీయలేదు.
నేనే వెన్నకత్తితో కోసుకుంటూ వెళ్లాను.
ఉత్తరాలు, దావాలు, రెండు పెళ్లిళ్లు,
ఆరొందల పేజీలు. గాడిద చెవి కూడా కనపడలేదు.
రాసినాయన దాన్ని గుమ్మంలోనే వదిలేసి పోయాడు.

నిజం చెప్పాలంటే, పుస్తకం చప్పగా ఉంది.

సెప్టెంబరులో కొత్త తాడు వేశారు.
గురువారం వచ్చాడు.
పుస్తకం ఇచ్చాను, దారం మళ్లీ కట్టే ఇచ్చాను.
కానీ రేవు మనిషికి ముడి చూస్తే తెలియదా?
బొటనవేలితో ఆ కోసిన అంచుని
ఒక్కసారి నిమిరాడు.
పెట్టె కదిలింది. పది సెకన్లు, పదిహేను.
అన్సెల్మో కూడా మాట్లాడలేదు.

"ఇంతకీ," అన్నాను, "గాడిద వాగు దాటిందా?"

గొంతు సవరించుకున్నాడు.
"దాటింది. కానీ అవతలి గట్టున..."

రాయెన్ నోట్‌బుక్ తెరిచింది, పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని,
"ఆగండాగండి, ఆ పుస్తకం పేరేంటి?
లైబ్రరీలో అడుగుతాను."

మేమిద్దరం కిటికీలోంచి
చాలా శ్రద్ధగా సముద్రాన్ని చూశాం.

గాలి గట్టిగా ఉంది ఆ రోజు.
తొంభై.