గలగల

ఉరవకొండ షావుకారు గోనెసంచి దించిపోయినాడు.
ఇత్తనానికి బుడ్డలు ఒలవాల.
పప్పు పగలకూడదు, పొర లేవకూడదు,
కిలోకు ఇంతని కూలి.
రవ్వంత నీళ్లు చల్లితే కాయ మెత్తబడుతుంది,
నా బొటనవేలు బతుకుతుంది.
చల్లనీడు వాడు. చెంబు లాగేస్తాడు.
తడిసిన కాయ మోగదు కదా.

వాడు ఒలవడు, తినడు.
ఒక్కో కాయను చెవికి ఆనించుకొని ఊపుతాడు
కళ్లు మూసుకొని.
కొన్ని కుడి పక్కకు, కొన్ని ఎడమ పక్కకు.

తొమ్మిదేండ్లు వానికి.
ఎర్రితాతకు మొక్కుకుంటే పుట్టినాడని
ఎర్రిస్వామి అని పేరు పెట్టుకుంటిమి.
ఆ పేరులో ముందు సగమే ఊరికి సరిపోయింది,
బడిలో, బోరింగు కాడ, అంగట్లో.
ఒకసారి నేనూ పిలిచినాను
జరమొచ్చిన రాత్రి, వాడు అరుపు ఆపకపోతే,
ఆ సగమే.
వానికి అర్థమైందో లేదో.
బిడ్డకు తన మాట అర్థం కాకూడదని మొక్కుకున్న తల్లిని
ఈ మండలంలో నేనొక్కదాన్నేనేమో.

అనంతపురం ఆసుపత్రిలో మేడమ్ బొమ్మలిచ్చింది.
గ్లాసు బొమ్మంటే దప్పిక, తట్ట బొమ్మంటే ఆకలి.
"తెచ్చి మీ చేతిలో పెడతాడు, ఓపిక పట్టండమ్మా" అనింది.
ఆర్నెల్లాయ.
బొమ్మలు గోడకు అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.
దప్పికైతే నా మోచెయ్యి పట్టి కుండ దాకా తోసుకుపోతాడు,
వాని చేతికి తగిలించిన గరిటెను నేను.

దప్పిక తెలుస్తుంది. ఆకలి తెలుస్తుంది.
గుట్ట మీద గాలిమరలు ఆగిన మధ్యాహ్నం
ఎందుకేడుస్తాడో తెలీదు.
నీలం రైక వేసుకుంటే నా దగ్గరికి ఎందుకు రాడో.
నిద్రలో నవ్వుతాడే,
ఆ నవ్వులో నేను ఉన్నానో లేనో.

నిన్న వాడు పండుకున్నాక
ఆ రెండు కుప్పలూ ఒలిచి చూసినాను.
తాలు ఒక పక్క, గట్టివి ఒక పక్క పెట్టింటాడని ఆశ.
షావుకారుకు చూపించొచ్చు,
వదినమ్మ నోరు మూయించొచ్చు.
లేదు.
రెండిట్లోనూ తాలుంది, గట్టివున్నాయి,
పురుగు పట్టినవి కూడా.
నాకు అందే లెక్క కాదది.
ఒలిచేసినందుకు సిగ్గేసింది,
ఎవరి ఉత్తరమో చించి చదివినట్టు,
చదివీ అక్షరాలు రానట్టు.

మిగిలిన కాయ ఒకటి చెవి కాడ పెట్టుకొని ఊపినాను.
ఒకే డొక్కలో రెండు పప్పులు.
ఆ మధ్య కాస్త సందుంది కాబట్టే మోగుతాయి.
అంతే వినిపించింది నాకు.
చానాసేపు ఊపినాను.

వాళ్ల నాయిన లారీ మీద పోతా పోతా
రోజూ ఫోన్ చేస్తాడు.
"ఏమన్నా అన్యాడా?"
రోజూ అదే మాట.
రోజూ ఫోను వాని నోటి కాడ పెడతాను,
ఊపిరి వినిపిస్తుంది, పెట్టేస్తాడు.

ఈ పొద్దు నోటి కాడ పెట్టలేదు.
కాయ పట్టుకున్న చెయ్యి పక్కన పెట్టినాను.
వాడు ఫోను దిక్కు చూడలేదు,
నా దిక్కూ చూడలేదు.
ఊపినాడు. ఆగినాడు. మళ్లీ ఊపినాడు.

"ఏమే ఆ సద్దు?"
"నీ కొడుకు."

అవతల హారన్లు, గాలి,
ఎవరో వెనకనుంచి తిట్టడం.
ఆ తర్వాత ఇంజన్ ఆగింది.