నాలుగో కాలు

బరంపురం బేరగాడు కుర్చీ దింపి
"ఫ్రెంచిది, జాగర్త" అన్నాడు.
పర్లాకిమిడిలో మూడోరోజూ ముసురే.
చివికిన పట్టుగుడ్డ విప్పితే
గుర్రపు వెంట్రుకలు, ఒక ఎలక గూడు,
కింద చట్రం మీద
ఇనప అచ్చుతో గుద్దిన అక్షరాలు.

నీ పేరే కాబోలు. చదవలేను.
కానీ ఈ ఆకు మలుపులో
నీ ఉలి ఒక్కచోట తడబడింది చూడు,
అది చదవగలను.
ఆ పూట చలికి వేళ్లు కొంకర్లు పోయుంటాయి,
లేదా కూలి బాకీ.

మూడు కాళ్లు నీవి, ఏ అడవి చెక్కో.
నాలుగోది మా మహేంద్రగిరి గుమ్మడిటేకు.
గోరు నొక్కితే తెలిసిపోయింది.
లోపలివైపు చిన్న చేప గుర్తు,
మా ఉలిపెట్టె మూత మీదున్నదే.
తాత కూర్మాచారి నీ ఆకుకి
ఒక ఈనె ఎక్కువేశాడు.
కోటలో ఎందరు కూర్చున్నారో,
ఒక్కరూ లెక్కపెట్టలేదు.

"ఆ చేపని గీకెయ్, రేటు పడిపోద్ది"
ఫోనులో బేరగాడు.

గీకలేదు.
నా కూలిలో కోసుకోమన్నాను.
వజ్రం కాచి, బిరడాలు బిగించి,
వెంట్రుకలు మళ్లీ కూరి
పరీక్షకి నేనే కూర్చున్నాను.

కిర్రుమంది.
వంగి చూశాను:
నీ కాలే.