కింద అక్షరాలు లేని మాట

మే నెల. గుంటూరు బ్రాడీపేటలో
మేడ మీది హాలు.
యార్డు నుంచి ఎగిరొచ్చిన మిరప ఘాటుకి
తెర మీద మంచు కూడా దగ్గుతున్నట్టుంది.

ముప్పై కుర్చీలు, పదకొండు మంది.
ఆ ధ్రువపు భాష మాలో ఎవరికీ రాదు.
అడుగున పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాల్ని
మైకులో తెలుగు చేసి చదవడం నా పని.
"ఈ రాత్రికి గాలి మారుతుంది" అన్నాను.
"దుప్పులకి మనకంటే ముందే తెలుసు" అన్నాను.
చెమట కళ్లలోకి దిగి
ఒక వాక్యం వదిలేశాను. ఎవరూ అడగలేదు.

హాలు ఊడ్చే మానుపాటి గురవమ్మ
చీపురు ఒళ్లో పెట్టుకుని
వెనక గోడకి ఆనుకుని కూర్చుంది.
తెర మీద వాళ్లు డేరా విప్పుతున్నారు:
తోళ్లు, వాసాలు, ఆఖర్న పొయ్యి.
నేను నోరు తెరిచేలోపే ఆమె నవ్వింది.
"ఆ పిల్లోడు తాడు తప్పు ముడేశాడు,
రెండు మైళ్లు పోకముందే జారుద్ది."
జారింది.
కెటిలు దొర్లి మంచులో పడింది.
హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

(వాళ్లమ్మ ఈతచాపల గుడిసె మడిచి
గాడిద మీద కట్టేదట.
తాత వేలిముద్ర వేశాక
సెటిల్మెంటు గీత దాటలేదట.
ఇదంతా తర్వాత, టీ దగ్గర, ముక్కలుగా.)

అంతలో హెలికాప్టరు.
పిల్లల్ని బడికి తీసుకుపోవడానికి.
తల్లి, పిల్ల టోపీ తాళ్లు బిగించి
ఒకే ఒక్క మాట అంది.

కింద అక్షరాలు లేవు.
తెల్లటి మంచు మీద తెల్లటి ఖాళీ.
చేతిలో మైకు,
పైన ఫ్యాను చప్పుడు.

అప్పుడు గురవమ్మ
తన ఎరుకల మాటలో ఏదో అంది.
మాకు చెప్పడానికి కాదు,
ఆ పిల్లకి వినపడితే చాలన్నంత మెల్లగా.
ప్రొజెక్టరు దగ్గరి మనవడు యాకోబు
తల తిప్పి తెలుగులో అడిగాడు:
"ఏందవ్వా అన్నావు?"
"నీక్కాదులే. బొమ్మ చూడు."

కరెంటు పోయింది.
చీకట్లో ఆ మాటని నాలో నేను పలికి చూసుకున్నాను.
మధ్యలో ఒక హల్లు దగ్గర
నా నాలుక మడతపడలేదు.
ఇన్వర్టరు అందుకునేసరికి
హెలికాప్టరు చుక్కైంది,
గురవమ్మ కుర్చీల కింద
వేరుశెనగ పొట్టు ఊడుస్తోంది.

రాసుకుంటానని అడిగితే
"తెలుగు అచ్చరాల్లో పెడితే
అది తెలుగైపోద్ది బాబూ" అంది.

మర్నాడు రెండో ఆటలో
ఆ చోట మైకు ఆపి
వెనక గోడ వైపు చూశాను.
ఆ రోజు ఊడ్చే వంతు వేరెవరిదో.