గురువారం రండి

రాత్రి రెండున్నరకి వస్తుందది.
కొలతలివ్వదు, గుడ్డ తేదు.
మిషను పక్క స్టూలు మీద కూచుని
"నీ పని అయిపోయింది కదా" అంటుంది.

గుణుపురంలో కరెంటు పోతే
వంశధార వైపు కప్పల గోల తప్ప
ఇంకేం వినపడదు.
దాని మాటొక్కటే వినపడుతుంది.

బరంపురం డాక్టరు ఒడియాలో అడిగాడు
మనసెలా ఉందని.
తెలుగులోనూ జవాబు దొరకలేదు నాకు.
రాత్రిపూట ఒకటి వేసుకోమన్నాడు,
ఎవరికైనా చెప్పమన్నాడు.
కాజాలు కుట్టే దాలినాయుడికి చెప్పాను.
వాడేమీ అనలేదు. ఆ సాయంత్రమే
మడతమంచం తెచ్చి కొట్లో వేశాడు.
గురక పెడతాడు, దున్నపోతులా.

నిన్న మళ్లీ వచ్చింది.
కొండ దిగి నడిచొచ్చే సొంబారి జాకెట్టుకి
ఇంకా చేతులు అతకలేదు.
ఇస్కూలు చొక్కాలు పదకొండు, బొత్తాలు లేకుండా.
ముప్పయ్యేళ్లుగా ఊరందరికీ చెప్పిన అబద్ధమే
దానికీ చెప్పాను:
"గురువారం రండి."

నమ్మినట్టే లేచింది.
ఆ రోజొస్తే
పై గురువారం అంటాను.

గురక ఆగింది.
"ఎవరు బావా?" అన్నాడు దాలినాయుడు చీకట్లోంచి.
"గిరాకీ" అన్నాను.
"ఈ వేళప్పుడా!" అని
అటు తిరిగి పడుకున్నాడు.