లెక్కలో లేని మరక

తిరుపతిలో లాడ్జీల దుప్పట్లు ఉతుకుతా.
ఇరవై రెండేండ్లుగా మరకలతోనే నా మాటామంతీ.
పసుపును ఎండే తినేస్తుంది.
వక్కాకు ఉమ్ముకు నిమ్మచెక్క.
గుండు గీయించుకున్న పిల్లోడి నెత్తి నుంచి
దిండు గలేబుకంటిన నెత్తురు,
దానికి చన్నీళ్లు.
వేన్నీళ్లు తగిలిస్తే జన్మకు వదలదు.

ఇంత తెలిసినోణ్ణి
ఆ రాత్రి లుంగీ అంచు లైటుకు పట్టుకుని
ఏ మరకో చెప్పలేక నిలబడినాను.
తెల్లగా ఉండాల్సింది
తుప్పు నీళ్ల మాదిరి.
నొప్పి లేదు, మంట లేదు.
అందుకే ఇంకా భయం.

చన్నీళ్లలో పెట్టినాను. పోయింది.
పోయింది గుడ్డది.

నలభై చుక్కల నెత్తురు ఉడికితే
ఒక చుక్క అవుతుందిరా అనేవాడు మునెయ్య మామ.
నా పొయ్యి ఆరిపోయిందా,
పచ్చిగానే దించేసినానా?

రేణిగుంట రోడ్డు గోడ మీద నీలం అక్షరాలు:
పురుషుల రహస్య వ్యాధులకు
ప్రతి నెలా రెండో ఆదివారం, రూము నంబరు పద్నాలుగు.
ఆ రూము దుప్పటీ నేనే ఉతుకుతా.
ఆ వైద్యుడు లేహ్యం చేతులు
దిండుకే తుడుచుకుంటాడు.
పోలేదు.

పదకొండు రాత్రులు గోడవైపు తిరిగి పడుకున్నాను.
పన్నెండో రోజు రెడ్డెమ్మ అడిగింది:
"ఊరందరి గుడ్డలూ ఉతుకుతావు,
ఇంట్లో ఒక గుడ్డ తడిపిన పాపాన పోలేదు.
అర్ధరాత్రి లుంగీ ఎందుకు పిండుతాండావు?"

క్యాలెండరును చూస్తా చెప్పినాను.
కొంచేపు ఏం మాట్లాడలేదు.
"నెలనెలా నాకు చూసి అలవాటు.
నీకిదే మొదలు కదా, బెదిరినావు.
రేపు రుయాకు పోదాం, పడుకో."

డాక్టరమ్మ మా పెద్దపాప వయసుది.
"వీర్యంలో రక్తమా? ఎన్నిసార్లు?"
పదకొండు దినాలు నా గొంతులో ఇరుక్కున్న మాట
ఆ పిల్ల నోట్లో
కిలో టమాటా ఎంత అన్నంత తేలిక.
బీపీ చూసినారు, ఉచ్చ పరీక్షకు పంపినారు.
పెద్ద డాక్టరు చేతికి గ్లౌజు తొడిగి
పక్కకు తిరగమన్నాడు.
కిటికీలో కొండ.
ఆ నిమిషం స్వామి కూడా
అవతలికి తిరిగినట్టే ఉన్నాడు, మర్యాదస్తుడు.

ప్రోస్టేటు గ్రంథి వాచిందంట.
చాలామందికి దానంతటదే పోతుందంట.
నలభై దాటినాయి కాబట్టి నెత్తురు పరీక్ష ఇంకొకటి.
మాత్రలు ఆపకుండా మింగాలి.
కొన్నాళ్లు గోధుమరంగు దిగితే బెదరొద్దు,
పాత నెత్తురు అట్లే ఉంటుందన్నాడు.
అది నాకు తెలుసు సార్, అన్నాను.
ఆ గదిలో నాకు తెలిసింది అదొక్కటే.

బయట బెంచీ మీద ఖాదర్ బాషా,
లాడ్జి నైటు వాచ్‌మెను,
ఫైలు తలకిందులుగా పట్టుకుని.
నన్ను చూసి
"మోకాలి నొప్పి" అన్నాడు.
ఆయప్ప తలపైన బోర్డు: మూత్ర వ్యాధుల విభాగం.

జరిగి కూర్చున్నాను.
"నాది మోకాలు కాదు బాషా" అన్నాను.

చానాసేపటికి
ఫైలు తిప్పి పట్టుకున్నాడు.