ముందూ వెనకా

పత్తికొండలో తహసీల్దారాఫీసుకు ఎదురుగా
రేకుల షెడ్డులో నా జిరాక్సు మిషను.
కరెంటున్నంతసేపూ
ఈ చుట్టుపక్కల వంశాలన్నీ
దాని పచ్చటి వెలుగు మీదుగానే పోతాయి.

పాసుబుక్కులు, అడంగళ్లు,
తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీసిన వంశవృక్షాలు.
పైన ఒక పేరు, కింద మూడు గీతలు.
పోయినవాళ్ల పేరుకు ముందు ‘లేటు’.
లేటు సుంకన్న. లేటు బడేసాబు.
లేటు మద్దిలేటి అని చదివి
మా పాపకు ఒకరోజు నవ్వాగక
బిస్కెట్టు పొలమారింది.

ఆడపిల్లల గీతలు పొట్టిగా ఉంటాయి.
కొందరికి అసలుండవు.
నేను అడగను. పేజీకి రెండు రూపాయలు.

మా ఇంటిపేరు గంపల.
పెదనాయన చిన్న ఈరన్న చెప్పేవాడు:
“మనోళ్లు కోటకు జొన్నలు గంపలతో కొలిచినోళ్లమ్మే,
మానికలు మనకు యాడ ఆనతాయి!”
చెప్తున్నప్పుడు మీసం మీద చెయ్యి.
ఆ చేతిలో బీడీ అప్పుది.
మా జేజి మాత్రం ఆ మాట వస్తే
సంగటి కెలకడం ఆపి పొయ్యిలోకి చూసేది.
నాకప్పుడు తొమ్మిదేండ్లు.
ధ్యాసంతా గోలీసోడా మీద.

పోయిన ఆషాఢంలో,
టమోటాకు రేటొచ్చి ఊరంతా నవ్వుతున్న వారం,
ఒక పెద్దాయన గుడ్డమూట విప్పినాడు.
కరణాల ఇల్లంట. చెరువు కింద భూమి దావా.
“వకీలుకు మూడు సెట్లమ్మా, నలగనీకు.”
చెదలు కొరికిన అంచులు, గొలుసుకట్టు రాత,
మాటకూ మాటకూ మధ్య ఊపిరాడదు.
ధాత సంవత్సరం. చెరువుకట్ట పని. కూలీల పట్టీ.

నాలుగో పేజీని అద్దం మీద పండుకోబెడుతుంటే
కన్ను పడింది:
పార బసప్ప.
పార ఉసేను.
గంప నరసి.
గంప తిప్పక్క, చంకబిడ్డతో. గంజి సోలెడున్నర.
తవ్వినోళ్లంతా పారలు.
మోసినోళ్లంతా గంపలు.

మూడు సెట్లు తీసినాను.
ఆ ఒక్క పేజీ ఇంకొకటి తీసి కౌంటరు కింద దాచినాను.
దాని రెండు రూపాయలు
నా డబ్బాలో నేనే వేసుకున్నాను.

మాదేనని ఏం నమ్మకం?
ఆ యేడు ఆ కట్ట మీద
గంప లేని నెత్తి యాడుంది?
తిప్పక్కనే పేరు మా ఇంట్లో ఎవురికీ లేదు.
అయినా చంకబిడ్డకు పేరు రాయని చోట
కాగితం కొంచెం పలచబడింది.
అక్కడే వెలుగు ఎక్కువ దూరింది.

పెదనాయనకు చూపించినాను.
అద్దాలు తుడిచి, దూరం పట్టి, దగ్గర పట్టి,
“వీళ్లు వేరే గంపలోళ్లు” అన్నాడు.
రాత్రి ముద్ద ముట్టలేదని
పెద్దమ్మ ఫోను.

ఆదివారం పాపను స్కూటీ ఎక్కించుకొని కట్టకు పోయినాను.
చెరువు నిండా కంపచెట్లు, వాటి సందులో క్రికెట్టు.
తొలకరి పడింది కదా, తుగ్గలి దిక్కు చేలల్లో
జనం వంగి వంగి వజ్రాలు వెతుకుతున్నారు,
గొడుగులు, టిఫిను క్యారియర్లతో.
నేనూ తలొంచుకునే నడిచినట్టున్నాను.
“ఏం పోగొట్టుకున్నావమ్మా?” అంది పాప.
తర్వాత తనే కట్టమన్ను గుప్పెడు తీసి
డబ్బా మూతలో పోసి, నెత్తిన పెట్టుకొని,
“దినానికి ఎన్ని గంపలు?” అంది.
కాగితంలో అది రాయలేదు.

సోమవారం షట్టరు సగమే ఎత్తినాను,
గ్యాసు బండోడు ఫోను మీద ఫోను.
పెదనాయన నిలబడున్నాడు.
బ్యాంకులోనుకు వంశవృక్షం కావాలంట.
“నీటుగా గియ్యి.”
పైన ఎప్పుడూ రాసే లేటు పెద్ద ఈరన్న.
ఆయన మీద రెండేళ్ల జాగా వదిలినాను.
పెదనాయన ఆ ఖాళీని చూసినాడు, నన్ను చూసినాడు,
రోడ్డు దిక్కు తిరిగి,
“పెన్సిలుతో రాయి. ఆధారమడిగితే చెరిపేద్దాం” అన్నాడు.

రాసినాను.
ముందర లేటు అని పెట్టబోయి ఆగినాను.
ఈ లెక్కలో లేటయింది ఆమె కాదు.

వెనక నుంచి ఎవరో ఆధార్ కార్డు చాపినారు:
“అక్కా, ముందూ వెనకా.”