ఉప్పు ఏసిన

పొద్దుగాల నాలుగుంబావుకు ఆయన ఉప్పల్ డిపోకు పోతడు.
ఏడింటికి నేను తార్నాక ల్యాబ్ నుంచి వస్త.
మధ్యల, రామంతాపూర్ల, రెండు రూముల ఇల్లు,
స్టవ్ మీద ఒక గిన్నె.
మా సంసారం చాలామట్టుకు ఆ గిన్నెలనే నడుస్తది.

టికెట్ మిషన్ల రోలు అయిపోయినంక
చివరికి మిగిలే మూరెడు కాగితం ఇంటికి తెస్తడు,
చింపి దానిమీద రాస్తడు:
"పప్పు తార్నాక దాటింది. ఉప్పు ఏసిన. పోపు నీదే."

తార్నాక అంటే మూడో విజిల్.
ఉప్పల్‌ల ఎక్కిన కుక్కరు
హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ...
కందిపప్పు తార్నాకల దిగుతది,
శెనగలకు మాత్రం సికింద్రాబాద్ దాక టికెట్ కొట్టాలె.
పెండ్లయిన కొత్తల ఈ లెక్క చెప్తుంటే
నవ్వి నవ్వి నాకు పొలమారింది.

"మొగోని చేతికి గంటె ఇచ్చినవా పిల్లా" అంటది
పై పోర్షన్ అండాలమ్మ.
ఇయ్యలేదమ్మా, ఆయనే తీసుకున్నడు.
తొమ్మిదేండ్లు డిపో క్యాంటీన్ ఉప్మా తిన్న కడుపు అది,
ఆకలే నేర్పింది.

ఉల్లిగడ్డ కోసుడుల నాకన్న ఆయనే జల్ది,
చిల్లర లెక్కవెట్టే వేళ్లు గదా.
టమాట తొక్కు నాది. పచ్చిపులుసు ఆయనది,
చింతపండు పిసికేటప్పుడు ఎవ్వరితోని మాట్లాడడు.

ఇదంత చెప్తే ల్యాబ్‌ల అందరు
"అదృష్టం నీది" అంటరు.
అక్కడనే నాకు మండుతది.

వంట పంచుకున్నం, నిజమే.
"రేపేం వండాలె" అన్నది పంచుకోలే.
అది నా తలకాయలనే ఉంటది.
రాత్రి రెండింటికి
రక్తం సీసాల మీద పేర్లు అతికిస్తుంటే
ఫ్రిజ్‌ల బెండకాయలు ముదురుతున్నయని యాదికొస్తది.
చింతపండు డబ్బ అడుగు కనవడుతున్నదని,
గ్యాస్ బుక్ చెయ్యనే లేదని.

ఆయన అడుగుతడు, మంచిగనే అడుగుతడు:
"ఏం చెయ్యమంటవో చెప్పు, చేస్త."
"చెప్పుడు గూడ ఒక పనే, నరహరీ."
పేరు పెట్టి పిలిచింది అదే మొదటిసారి.
ఆ ఆదివారం అంత
మా ఇంట్ల టీవీ ఒక్కటే మాట్లాడింది.

సోమవారం రాత్రి డ్యూటీకి పోవుకుంట
ఆయన కాగితం మీద నేను రాసిన:
"రేపేం?"
కింద జాగ ఇడిసిపెట్టిన.

తెల్లారి వచ్చి చూస్తే
కాగితం కుక్కరుకు ఆనిచ్చి ఉంది.
టికెట్ కాగితం సంగతి తెలుసు గదా,
వేడి తగిలితే ఆగదు,
ఈ కొస నుంచి ఆ కొస దాక నల్లగైపోయింది.
ఏం రాసిండో.
తిట్టిండో, ఒప్పుకున్నడో,
ఉప్పు ఏసిన అన్నడో, ఎయ్యలే అన్నడో.
కిటికి కాడ వెలుగుకు పట్టి చూసిన.
నా "రేపేం" గూడ కనవడలే.

ఇంత పప్పు అరచేతుల ఏసుకొని నాకిన.
ఉప్పు ఉంది.
కొంచెం ఎక్కువనే ఉంది.

సింకు పక్కన ఇంకో గిన్నె. మూత తీస్తే బొబ్బర్లు.
ఒక్క పిడికెడు గాదు, రెండు గాదు,
డబ్బ మొత్తం బోర్లిచ్చి నానవోసిండు మహానుభావుడు.
నీళ్లు తాగి ఉబ్బి
గిన్నె అంచు మీదికెక్కి కూసున్నయి.
ఉన్నది ఇద్దరం.
ఇగ బుధవారం, బేస్తారం, శుక్రారం బొబ్బర్లే.

గుడాలు చేస్తడో, వడలు కాలుస్తడో,
నన్నైతే ఏం అడగలే.

పోపు పెట్టలే. పప్పు గట్లనే ఉంచి
కాళ్లు కడుక్కొని పండుకున్న.
రేపేందో నాకు ఎరుక లేదు.
ఎన్నేండ్లకో,
పగటీలి రెండింటి దాక నిద్ర వట్టింది.